‘మహల్’ (1949): మళ్ళీ ఆ భవనంలోకి

గత వేసవిలో, మహబూబ్‌నగర్‌లోని మా ఇంట్లో, పగటి సెగ ఇంకా గోడలను వదలని ఒక రాత్రి, 1949లో వచ్చిన ‘మహల్’ అనే హిందీ చిత్రాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చూశాను. వారం తిరగకముందే రెండోసారి కూడా చూశాను. ఆ రెండింటికీ మధ్య ఈ చిత్రం మీద నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను కాబట్టి తీర్పును దాచుకోవలసిన పని లేదు. పాత చిత్రాల మీద ఆసక్తి ఉన్నవారు దీన్ని తప్పక చూడాలి. అయితే దెయ్యం సినిమా అన్న పేరు విని భయపడడానికి కూర్చునేవారికి ఇది ఎక్కువగా ఏమీ ఇవ్వదు. తనది కాని గతాన్ని తనదేనని నమ్మి, దాని మీద మనసు పారేసుకున్న ఒక మనిషి, ఆ మోహంలో పక్కనున్నవాళ్ళ బతుకును ఏం చేస్తాడన్నదే ఇందులోని అసలు కథ.

అలహాబాదు ప్రాంతంలో, నది ఒడ్డున, చాలా కాలంగా మూతపడి ఉన్న ఒక పెద్ద భవనంలో కథ మొదలవుతుంది. కొత్త యజమానిగా రాత్రివేళ అక్కడికి చేరుకున్న హరిశంకర్ అనే న్యాయవాదికి ముసలి తోటమాలి ఆ భవనం చరిత్ర చెబుతాడు. ఎప్పుడో ఒకాయన తాను ప్రేమించిన కామిని కోసం దాన్ని కట్టించాడు. ఆమె రోజంతా ఎదురుచూసేది, అతడు అర్ధరాత్రి వచ్చి తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. ఒక తుఫాను రాత్రి అతడు నీటిలో మునిగిపోయాడు. తమ ప్రేమ ఓడిపోదని, తిరిగి వస్తానని మాట ఇచ్చి మరీ మునిగిపోయాడు. కొన్నాళ్ళకు ఆమె కూడా నీటిపాలైంది. ఈ కథ విన్న తర్వాత శంకర్ కంట ఒక చిత్రపటం పడుతుంది. అందులో ఉన్న భవన నిర్మాత అచ్చం తనలాగే ఉన్నాడు. అంతలో ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు పాడుతూ వినిపిస్తుంది. ఇక అక్కడి నుంచి అతడు ఆ గొంతు వెంట నడుస్తూనే ఉంటాడు. స్నేహితుడు శ్రీనాథ్ చెప్పి చూస్తాడు, తండ్రి రంజన అనే అమ్మాయితో పెళ్ళి చేసి చూస్తాడు, రెండూ పని చేయవు. ఆ తర్వాత ఏమవుతుందో, ఆ పాడే మనిషి ఎవరో నేను చెప్పను. న్యాయస్థానంలో నడిచే చివరి భాగానికి ఉన్న బలమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

దర్శకుడు కమాల్ అమ్రోహీకి ఇది మొదటి చిత్రం. అప్పటికి ఆయన కథా రచయితగా, సంభాషణల రచయితగా పేరు తెచ్చుకున్నవాడు. తర్వాతి కాలంలో ‘మొఘల్-ఎ-ఆజమ్’ సంభాషణల రచయితలలో ఒకడుగా, ‘పాకీజా’ దర్శకుడుగా ఎక్కువమందికి తెలిశాడు. హిమాంశు రాయ్, దేవికా రాణి 1934లో ప్రారంభించిన బాంబే టాకీస్ సంస్థ తన ఆఖరి దశలో తీసిన చిత్రాలలో ఇది ఒకటి. శంకర్‌గా అశోక్ కుమార్ నటించాడు. ఆ పాడే అమ్మాయిగా మధుబాల నటించింది. 1933లో పుట్టిన ఆమెకు చిత్రం విడుదలయ్యే నాటికి పదహారేళ్ళు. రంజనగా నటించినది విజయలక్ష్మి. ఈ పేరును ఇప్పుడు తలచుకొనేవారు తక్కువ. నా అభిప్రాయం మారడానికి కారణం మాత్రం ఆమె పాత్రే.

మొదట భవనం గురించి మాట్లాడాలి. నేను సివిల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా చదివి, ముప్పై ఏళ్ళ పాటు ఇళ్ళ ప్లాన్లు గీసినవాణ్ణి. ఏ సినిమాలో ఇల్లు కనిపించినా, వంటగది ఏ మూలకు ఉంది, మెట్లు ఎక్కడ తేలతాయి అని నా కళ్ళు వెతుకుతాయి. ఈసారి ఒక కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకొని ఈ భవనం ప్లాను గీయడానికి ప్రయత్నించాను. కుదరలేదు. శంకర్ ఒక గదిలో నుంచి బయటికి వస్తాడు, ఒక వరండా దాటుతాడు, ఇంకొక ద్వారం తెరుస్తాడు. ఆ ద్వారం మొదటి గదికి ఏ వైపున ఉందో చెప్పలేం. పాట ఒకసారి పైనుంచి, ఒకసారి నీళ్ళ వైపు నుంచి వినిపిస్తుంది. నా పెన్సిలు గీత ఎక్కడా కలవలేదు. మొదట్లో దీన్ని సెట్టింగు వేసినవారి నిర్లక్ష్యమని అనుకున్నాను. అరగంట గడిచిన తర్వాత అర్థమైంది: ఇది మనుషులు కాపురం ఉండడానికి కట్టిన ఇల్లు కాదు, ఒక మనిషి మనసులో గదులు ఎట్లా తెరుచుకుంటాయో అట్లా కట్టిన ఇల్లు. దారి తెలిస్తే మోహం ఉండదు. దారి తెలియని చోటే అతడు తిరుగుతాడు, అతడి వెంట మనమూ తిరుగుతాము.

ఆ తిరుగుడును నమ్మదగినదిగా చేసినది వెలుగు. ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందినవాడు. దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్‌తో కలిసి భారతదేశానికి వచ్చి, బాంబే టాకీస్ తొలి చిత్రాల నుంచి ఆ సంస్థలో పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, శత్రుదేశ పౌరుడన్న కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను నిర్బంధంలో ఉంచింది. యుద్ధం ముగిశాక ఆయన స్వదేశానికి పోలేదు. మళ్ళీ కెమెరా వెనుకకే వచ్చాడు. మూగచిత్రాల కాలపు జర్మనీలో నీడను కూడా ఒక పాత్రలాగా వాడే పద్ధతి ఉండేది. ఆ పద్ధతిని తెలిసిన చేయి ఇక్కడ ప్రతి చట్రంలోనూ కనిపిస్తుంది. ఇప్పటి చిత్రాలలో రాత్రి అంటే తెరంతా నీలి రంగు పులమడం. ఇక్కడ రాత్రి అంటే ఎక్కువ భాగం చీకటి, అందులో ఎక్కడో ఒక చోట మాత్రమే వెలుగు. ఆ వెలుగు అశోక్ కుమార్ ముఖం మీద ఒక పక్క నుంచి పడుతుంది. రెండో పక్క లేనట్టే ఉంటుంది. మధుబాల ముఖం మీద మాత్రం వెలుగు మరో రకంగా పడుతుంది. మెత్తగా, పూర్తిగా, ముఖమే దీపమైనట్టు పడుతుంది. అతడు సగం మనిషిగా, ఆమె నిండు రూపంగా కనిపించడం యాదృచ్ఛికం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆమె అతడి కోరికలో నుంచి వచ్చిన బొమ్మ. బొమ్మకు లోటు ఉండదు. లోటు ఉన్నది చూసేవాడికే.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో పుట్టినవారికి పాత రాజభవనాలు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూర్ సంస్థానాలు ఇక్కడివే. గద్వాల కోటలో కళాశాల నడుస్తుంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తుంది. నేను చదివింది ఆ పాలిటెక్నిక్‌లోనే. ఎత్తైన కప్పు కింద డ్రాయింగు బల్లలు వేసుకొని, ఒకప్పుడు ఎవరెవరో తిరిగిన చోట మేము టీ-స్క్వేరు పట్టుకొని గీతలు గీసేవాళ్ళం. అక్కడ మా హాస్టలు దగ్గర ఒక ముసలి కావలివాడు ఉండేవాడు. సాయంత్రాలు సంస్థానం నాటి సంగతులు చెప్పేవాడు. ఒకనాడు నన్ను ఆపి, “నీ నడక జూస్తే నాకు పాత దివానుగారి కొడుకు యాదికొస్తడు బిడ్డా” అన్నాడు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ ఒక్క మాటతో ఆ భవనం మొత్తం నా కళ్ళకు మారిపోయింది. తరగతికి పోయే మెట్లు ఎవరో నా కోసం కట్టించినట్టు అనిపించాయి. ఎన్నో నెలల పాటు, ఎప్పుడూ చూడని ఆ దివానుగారి కొడుకు ఎట్లా ఉండేవాడో, ఎవరిని ప్రేమించి ఉంటాడో ఊహించుకుంటూ తిరిగాను. ఆ ముసలాయన అదే మాటను మాకంటే ముందరి బ్యాచిలో ఇద్దరితో కూడా అన్నాడని తర్వాత తెలిసింది. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోను. పాత కాలం ఆయనకు అంత ఇష్టం. ఆ కాలానికి వారసులు కావాలని ఆయన కోరిక. శంకర్ కథలో తోటమాలి చేసినదీ ఇదే. కథను ఒకరు చెబుతారు. దాని లోపల తన ముఖాన్ని పెట్టుకునేది మాత్రం విన్నవాడే. గోడ మీది పటంలో తన పోలిక కనబడగానే శంకర్ ఎందుకు అంత సులభంగా పడిపోయాడో, పదిహేడేళ్ళ వయసులో రాజభవనంలో చదువుకున్న నాకు వేరుగా వివరించనక్కర లేదు.

ఈ మోహాన్నీ, నిజమైన జ్ఞాపకాన్నీ ఒకటిగా చూడకూడదు. 1980ల తొలినాళ్ళలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళు ఎన్నో మునిగిపోయాయి. కొల్లాపూర్, అలంపూర్ వైపు బంధువులు ఉన్న ఏ ఇంటికి పోయినా, నీటి కింద ఉన్న తమ వాకిలి గురించి, చింతచెట్టు గురించి, పొలం గట్టు గురించి ఇప్పటికీ చెప్పే పెద్దవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు తలచుకొనేది వాళ్ళు బతికిన బతుకు. అందులో కష్టం ఉంది, అప్పు ఉంది, చేదబావి దగ్గరి తగాదా ఉంది. శంకర్ తలచుకొనే గతంలో ఇవేవీ లేవు. అందులో ఒక ఆడమనిషి ఎదురుచూడడం తప్ప ఇంకేమీ జరగదు. అందుకే అది అంత అందంగా ఉంది, అందుకే అది అంత ప్రమాదకరం కూడా. చిత్రం ఈ తేడాను మాటల్లో ఎక్కడా చెప్పదు కాని, ఆ గతంలోని మనుషులు ఏం తిన్నారో, ఎవరితో మాట్లాడారో ఒక్కసారి కూడా చూపించకపోవడంలోనే అది తెలిసిపోతుంది.

పాట సంగతి ఎంత చెప్పినా తక్కువే. సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్, గీత రచయిత నక్షబ్. ‘ఆయేగా ఆనేవాలా’ పాడేనాటికి లతా మంగేష్కర్‌కు ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసు. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డు మీద గాయని పేరు వేయడం ఆనవాయితీగా లేదు. ఈ రికార్డు మీద గాయని పేరున్న చోట పాత్ర పేరు ‘కామిని’ అని అచ్చయింది. పాట రేడియోలో మోగడం మొదలయ్యాక, పాడినది ఎవరని శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అప్పుడు గాని లత పేరు బయటికి రాలేదు. ఈ సంగతి చాలామందికి తెలిసినదే కాని, సినిమా చూస్తూ దాన్ని తలచుకుంటే దాని బరువు వేరుగా ఉంటుంది. తెర మీద శంకర్ ఆ గొంతు ఎవరిదని వెతుకుతున్నాడు. తెర బయట దేశమంతా అదే పని చేసింది.

మా నాయన చదువు హైదరాబాదు సంస్థానం రోజుల్లో ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఆయనకు తెలుగు పాటల కంటే ఉర్దూ గజళ్ళు, హిందీ పాటలు దగ్గర. ఉదయం గడ్డం గీసుకుంటున్నప్పుడు రేడియోలో ఈ పాట వస్తే, సగం ముఖానికి సబ్బు నురుగుతోనే వచ్చి రేడియో పక్కన నిలబడేవాడు. పాట మొదట్లో తాళం లేకుండా, నెమ్మదిగా సాగే భాగం ఒకటి ఉంటుంది. అది వింటూ, “ఆ పిల్ల దూరంకెల్లి నడుసుకుంట వస్తున్నట్టుంటది” అనేవాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, ఆ పాటను రికార్డు చేసిన తీరును లతా మంగేష్కర్ స్వయంగా వివరించారని తెలిసింది. గది మధ్యలో మైకు పెట్టి, ఆమెను దూరంగా ఒక మూలన నిలబెట్టారు. ఆ మొదటి భాగాన్ని పాడుతూ ఆమె మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ మైకు దగ్గరికి చేరాలి. సరిగ్గా మైకు ముందుకు వచ్చేసరికి పల్లవి అందుకోవాలి. గొంతును దూరంగా, దగ్గరగా వినిపించే యంత్రాలు లేని కాలంలో మనిషి నడకతోనే ఆ దూరాన్ని సృష్టించారు. మా నాయన చెవికి ఆ నడక వినబడింది. నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైనది ఇప్పటికీ పల్లవి కాదు, పల్లవికి ముందు ఆమె ఇంకా మైకు దగ్గరికి చేరని ఆ కొద్ది క్షణాలే.

తెర మీద ఆ పాటను నడిపిన తీరు కూడా అంతే గొప్పగా ఉంది. శంకర్ గది తర్వాత గది దాటుతూ వెతుకుతాడు. ఉయ్యాల మీద ఊగుతున్న అమ్మాయి కనిపించేటప్పటికి మనకు ఆమె అందం కంటే ముందు ఆ ఊపు కనిపిస్తుంది. పాట లయకు, ఉయ్యాల లయకు పొంతన కుదిరి, చూసేవాడి ఊపిరి కూడా దానితో పాటు నడుస్తుంది. చిత్రానికి కూర్పు (ఎడిటింగ్) చేసినది బిమల్ రాయ్. దాదాపు పదేళ్ళ తర్వాత, 1958లో, ఆయనే దర్శకుడుగా ‘మధుమతి’ తీశాడు. పాత భవనం, పటం, పూర్వజన్మ అన్న సామగ్రి అందులోనూ ఉంది. ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూడగలిగినవారు చూడండి. ఈ కూర్పు బల్ల దగ్గర ఆయన ఏం నేర్చుకున్నాడో అందులో తెలుస్తుంది. మన తెలుగులో 1964 నాటి ‘మూగమనసులు’ కూడా పూర్వజన్మ కథే. కాని అక్కడ పూర్వజన్మ కలిసి బతకలేకపోయిన ఇద్దరికి దొరికిన ఓదార్పు. ఇక్కడ అది ఓదార్పు కాదు. ఇప్పటి జన్మను వదిలి పారిపోవడానికి ఒక మనిషికి దొరికిన దారి.

నటన విషయానికి వస్తే, అశోక్ కుమార్ ఈ పాత్రను అరుపులు, కన్నీళ్ళు లేకుండా చేశాడు. అలసిపోయిన కళ్ళతో, ఎదురుగా ఉన్న మనిషి మాట్లాడుతుంటే వినకుండా మరెటో చూడడం తప్ప ఆయన పెద్దగా ఏమీ చేయడు. అది చాలు. పొద్దుగూకే వేళకు తాగుడుకు పోవాలని చూసే మనిషి ఇంట్లో ఎట్లా ఉంటాడో చూసినవారికి ఆ చూపు తెలుస్తుంది. మధుబాల అందం గురించి అందరూ రాశారు. నేను చెప్పదలచుకొన్నది ఆమె నిశ్చలత గురించి. ఆ వయసులో కెమెరా ముందు అంతసేపు కదలకుండా, రెప్ప కొట్టకుండా, ఏమీ చెప్పకుండా ఉండగలగడం అభ్యాసంతో వచ్చేది కాదు. శ్రీనాథ్ పాత్రలో కనూ రాయ్ ఫరవాలేదు. శంకర్ మనసు మళ్ళించడానికి నాట్యకత్తెలను తీసుకువచ్చే ఘట్టం మాత్రం ఇప్పుడు చూస్తే పేలవంగా ఉంది. పాటల లెక్క నింపడానికి పెట్టినట్టు అనిపిస్తుంది.

సంభాషణల గురించి మన ప్రాంతపు పాఠకులకు ఒక సూచన. మహబూబ్‌నగర్, నల్లగొండ బజారుల్లో మనం వినే దక్కనీ ఉర్దూకూ అమ్రోహీ రాసిన ఉర్దూకూ చాలా దూరం ఉంది. మనకు సగం మాటలు తెలిసినట్టే ఉంటాయి, వాక్యం మొత్తం మాత్రం చేతికి చిక్కదు. మనుషులు ఇందులో నెమ్మదిగా, ఒక్కొక్క మాటనూ తూచినట్టు మాట్లాడతారు. వెనుకటి తరంలో ఉర్దూ చదువుకున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళతో కలిసి చూడడం మంచిది. లేకపోతే ఉపశీర్షికలు ఉన్న ప్రతిని ఎంచుకోండి.

ప్రతుల విషయంలో జాగ్రత్త అవసరం. ఇరవై ఏళ్ళ కిందట నేను కొన్న డిస్కులో, ఒక కంపెనీవారు నిడివి తగ్గించడం కోసం పాట ముందున్న ఆ తాళం లేని భాగాన్ని పూర్తిగా తీసివేశారు. పాట సరాసరి పల్లవితో మొదలయ్యేది. చీకటి ఎక్కువగా ఉందనుకున్నారో ఏమో, తెరంతా తెల్లబడేటట్టు వెలుగు కూడా పెంచారు. విర్షింగ్ దాచిన మూలలన్నీ బూడిద రంగులో బయటపడి, భవనం గోడౌనులాగా కనిపించింది. డబ్బు పోయినందుకు కాదు గాని, ఈ చిత్రం అంటే ఇంతేనా అని అప్పట్లో నేను అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఈసారి చూసిన ప్రతి మచ్చలు, గీతలు ఉన్నదే అయినా చీకటి చీకటిగానే ఉంది. మీరు చూసే ప్రతి మంచిదో కాదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది: రెండున్నర గంటలకు పైగా నిడివి ఉండాలి, పాట దూరం నుంచి మొదలు కావాలి. సెల్‌ఫోనులో చూడకండి. గదిలో దీపాలు ఆర్పి, రాత్రిపూట, మంచి స్పీకరు పెట్టుకొని చూడండి.

ఇక రంజన గురించి. పెళ్ళి తర్వాత శంకర్ ఆ భవనానికి దూరంగా పోతే కామిని మరుపునకు వస్తుందని ఆశపడి, భార్యను జనసంచారం లేని ఒక చోటికి తీసుకుపోతాడు. అక్కడ ఒక కుటీరం, చుట్టూ అడవి, పాములు, గబ్బిలాలు. ఏళ్ళు గడుస్తాయి. ఆమె ఎదురుగా ఉన్నా అతడి ధ్యాస వెనుక వదిలివచ్చిన చోటనే ఉంటుంది. మొదటిసారి చూస్తున్నప్పుడు ఈ భాగం నాకు సాగతీతగా అనిపించింది. నా మనసులో ఉన్న సమీక్షలో దీన్ని చిత్రంలోని ప్రధాన లోపంగా రాసుకున్నాను కూడా. వెలుగులో వెనుకటి మాయ లేదు, పాట లేదు, నది లేదు. కొంచెం ముందుకు జరుపుదామని రిమోటు చేతిలోకి తీసుకున్నాను. పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నా భార్య తల ఎత్తకుండానే, “ఉండనియ్యండి. ఆ పిల్ల దిక్కు చూసేటందుకు ఆయనకు తీరికె లేదు, మీకు గూడ లేదా?” అన్నది.

నేను రిమోటు పక్కన పెట్టాను గాని, ఆ మాట మాత్రం వదలలేదు. వారం లోపల మళ్ళీ చూసినది అందుకే. రెండోసారి కుటీరం భాగం వచ్చేసరికి, మొదటిసారి నేను ఎందుకు విసుగుపడ్డానో తెలిసింది. నాకు ఆ భవనానికి తిరిగి పోవాలని ఉంది. ఆ పాట మళ్ళీ వినాలని ఉంది. అంటే శంకర్ కోరుకున్నదే నేనూ కోరుకున్నాను. అంతసేపు ఆ వెలుగుతో, ఆ గొంతుతో నన్ను మరిపించి, మాయ లేని గదిలో ఒక మామూలు మనిషి పక్కన కూర్చోబెట్టగానే నేనూ అతడిలాగానే ముఖం తిప్పుకున్నాను. దర్శకుడు ఇది తెలిసే చేశాడని నా నమ్మకం. తోటమాలి కథలో కామిని రోజంతా ఎదురుచూసేది, అర్ధరాత్రికి అతడు వచ్చేవాడు. కుటీరంలో రంజన కూడా ఎదురుచూస్తుంది. ఆమె ఎదురుచూసే మనిషి రోజంతా ఆమె ముందే ఉన్నాడు. ఒక ఎదురుచూపుకు పటం, భవనం, పాట దక్కాయి. రెండోదానికి గబ్బిలాలు దక్కాయి. విజయలక్ష్మి ఈ పాత్రను జాలి అడగకుండా చేసింది. ఆమె ముఖంలో మొదట ఉన్నది సిగ్గు, తర్వాత అనుమానం, చివరకు మిగిలేది కోపం. ఆ కోపం న్యాయమైనది కాబట్టే ఆమె తీసుకున్న నిర్ణయం, అది ఎంత భయంకరమైనదైనా, కథను న్యాయస్థానం దాకా తీసుకుపోగలిగింది.

అందుకని మొదటి సమీక్షలో లోపంగా రాసుకున్న వాక్యాన్ని కొట్టివేశాను. నాట్యకత్తెల ఘట్టం మీద నా అభిప్రాయం మారలేదు. న్యాయస్థానంలో కొన్ని మలుపులు మరీ అనుకూలంగా వచ్చి పడతాయి, అందులో కూడా మార్పు లేదు. కుటీరం భాగాన్ని మాత్రం ఒక్క నిమిషం కూడా ముందుకు జరపకుండా చూడమని అడుగుతున్నాను.

రెండోసారి సినిమా ముగిశాక, మొదటి రోజు నేను సగంలో వదిలేసిన ప్లాను కాగితం బల్ల మీదే ఉంది. భవనం గీతలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. కాగితం వెనుక వైపు తిప్పి, కుటీరాన్ని గీశాను. తలుపు ఒక చోట, పడక ఒక చోట, దీపం ఒక చోట పెట్టాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నా భార్య వచ్చి చూసి, పెన్సిలు తీసుకొని, తలుపుకు ఎదురుగా చిన్న చుక్క ఒకటి పెట్టింది. “ఆ పిల్ల ఈడ గూసుంటది” అన్నది.